గుడ్‌వుడ్ రివైవల్: పాత కార్ల రేసుల పునరుద్ధరణలో గతకాలపు బెంగ, చరిత్ర బాధ్యత

వ్యాససంగ్రహం

ఇంగ్లండులోని వెస్ట్ ససెక్స్ ప్రాంతంలో ఉన్న గుడ్‌వుడ్ రేసు ట్రాక్ 1948లో ప్రారంభమైంది. 1966లో అక్కడ రేసులు ఆగిపోయాయి. సరిగ్గా యాభై ఏళ్ల వార్షికోత్సవం నాడు, 1998 సెప్టెంబరు 18న, అది 'గుడ్‌వుడ్ రివైవల్' పేరుతో మళ్లీ తెరుచుకుంది. 1948–66 మధ్యకాలపు కార్లు, దుస్తులు, వాతావరణం మధ్య జరిగే ఈ ఉత్సవం పాత కార్ల రేసు ఉత్సవాలలో ఎంతో పేరుపొందినది. ఆ కాలానికి పెట్టిన రెండు హద్దులు ఎలా ఏర్పడ్డాయి, పునరుద్ధరణలో ఏది నిలిచింది, ఏది తప్పిపోయింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1966 అన్నది ఒక స్వర్ణయుగం తనంతట తాను ముగిసిన సంవత్సరం కాదనీ, ప్రాణాపాయం గురించి తీసుకున్న ఒక నిర్ణయానికి గుర్తు అనీ ప్రతిపాదిస్తుంది. వస్తువులను అలంకారాలుగా కాక చారిత్రక పత్రాలుగా చదివితే, ఉత్సవం మరిచిన మనుషులు అదే ఉత్సవంలో కనిపిస్తారని నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలక పదాలు: గుడ్‌వుడ్, పాత కార్ల రేసులు, గతకాలపు బెంగ, వారసత్వం, అసలుతనం, స్మృతి, శ్రమ చరిత్ర

1. ఉపోద్ఘాతం

గతాన్ని స్మరించుకునే పద్ధతులు అనేకం. గ్రంథం, శిలాఫలకం, మ్యూజియం, జయంతి సభ వాటిలో కొన్ని. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో పాశ్చాత్య దేశాలలో మరో పద్ధతి బలపడింది. గతాన్ని వివరించడంతో తృప్తిపడక, కొన్ని రోజులపాటు దానిలో నివసించినట్లు ప్రవర్తించడం దీని లక్షణం. పాత కార్ల రేసు ఉత్సవాలు ఈ కోవకు చెందుతాయి. వాటిలో పాత కారు గాజుపెట్టెలో ఉండదు, ట్రాక్ మీద పరుగెత్తుతుంది. ప్రేక్షకుడు కూడా ఆ కాలపు కోటు, టోపీ ధరించి దృశ్యంలో భాగమవుతాడు.

ఇలాంటి ఉత్సవాలను సంపన్నుల వినోదంగా తీసిపారేయడం సులభం. వాటి వెనుక సంపద ఉన్నమాట నిజమే. అయితే లక్షలమందికి ఒక కాలం గురించిన మనోచిత్రం పాఠ్యపుస్తకాల కంటే ఎక్కువగా ఇలాంటి దృశ్యాల ద్వారానే ఏర్పడుతున్నప్పుడు, ఆ చిత్రం ఎలా తయారవుతుందో తెలుసుకోవడం చరిత్ర విద్యార్థి పని అవుతుంది.

2. బెంగ: ఒక వ్యాధి పేరు నుంచి ఒక విమర్శ పదం వరకు

'నోస్టాల్జియా' అనే మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి బాసెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో రూపొందించాడు. ఇంటికి తిరిగి రావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాలను కలిపి, స్వదేశానికి దూరమైనవారిలో కనిపించే జబ్బుకు ఆ పేరు పెట్టాడు. తెలుగులో దీనికి దగ్గరగా ఉన్న మాట 'బెంగ'. ఇంటి మీద బెంగతో జ్వరం వచ్చిందనే వాడుకలో మనోవేదన, శరీరబాధ రెండూ కలిసే ఉన్నాయి. కాలక్రమంలో ఈ వేదన స్థలం నుంచి కాలానికి మారింది. విడిచిన ఊరికి తిరిగి వెళ్లవచ్చు గాని గడిచిన కాలానికి వెళ్లలేం. అందుకే ఈ వ్యాసంలో నోస్టాల్జియాకు 'గతకాలపు బెంగ' అనే పదబంధాన్ని వాడడమైంది.

బ్రిటన్‌లో ఈ భావన 1980లలో తీవ్ర చర్చకు లోనైంది. రాబర్ట్ హ్యూయిసన్ 1987లో వెలువరించిన 'ది హెరిటేజ్ ఇండస్ట్రీ'లో, నిజమైన పరిశ్రమలు మూతపడుతున్న దేశం వస్తువులకు బదులుగా వారసత్వాన్ని ఉత్పత్తి చేస్తున్నదని విమర్శించాడు. రాఫెల్ శామ్యూల్ 1994 నాటి 'థియేటర్స్ ఆఫ్ మెమరీ'లో దీనికి భిన్నమైన వైఖరి తీసుకున్నాడు. పాత వస్తువులు సేకరించే, బాగుచేసే, ప్రదర్శించే సామాన్యుల కృషి కూడా చరిత్ర జ్ఞానంలో భాగమేనని, దాన్ని చులకన చేయడంలో పండితుల అహంకారం ఉందని వాదించాడు. స్వెట్లానా బోయిమ్ 2001లో 'ది ఫ్యూచర్ ఆఫ్ నోస్టాల్జియా'లో రెండు రకాల బెంగలను వేరుచేసింది. మొదటిది పోయినదాన్ని యథాతథంగా తిరిగి కట్టాలని చూస్తుంది. రెండవది పోయిందన్న ఎరుకతోనే దాని గురించి ఆలోచిస్తుంది. గుడ్‌వుడ్ మొదటి రకానికి చక్కని ఉదాహరణగా కనిపిస్తుంది. దానిలో రెండవ రకానికి చోటుందా అన్నది ఈ వ్యాసం తేల్చవలసిన ప్రశ్న.

3. పాత కార్ల ఉత్సవాల పూర్వరంగం

యంత్రం మీద బెంగ యంత్రంతోపాటే పుట్టింది. 1896 నవంబరు 14న బ్రిటిష్ వాహనదారులు లండన్ నుంచి బ్రైటన్ వరకు ఒక యాత్ర చేశారు. వాహనం ముందు ఒక మనిషి నడవాలనే నిబంధనను తొలగించి, వేగ పరిమితిని గంటకు 14 మైళ్లకు పెంచిన చట్టానికి అది స్వాగతం. ఆ యాత్రను 1927లో పాత కార్లతో మళ్లీ నిర్వహించారు. 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్, 1930 చివరిలోగా తయారైన కార్లను 'వింటేజ్' వర్గంగా గుర్తించింది. క్లబ్ పుట్టేనాటికి వాటిలో కొన్నిటి వయసు నాలుగేళ్లే. కాబట్టి ఒక వస్తువును 'పాతది'గా నిలబెట్టేది దాని వయసు ఒక్కటే కాదు. ఒక పద్ధతి ముగిసిపోతోందన్న భావన కూడా అందుకు కారణమవుతుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ అభిరుచి విస్తరించింది. లండన్–బ్రైటన్ యాత్ర నేపథ్యంగా 1953లో వచ్చిన 'జెనెవీవ్' చలనచిత్రం దాన్ని సామాన్య ప్రేక్షకుల దగ్గరకు చేర్చింది. అమెరికాలో కాలిఫోర్నియాలోని లగునా సెకా ట్రాక్‌పై 1974లో మోంటెరే చారిత్రక రేసులు మొదలయ్యాయి. ఆ తర్వాత మొనాకోలో 1997లో, ఫ్రాన్సులోని లె మాన్‌లో 2002లో ఇలాంటి ఉత్సవాలు ఆరంభమయ్యాయి.

వీటన్నిటిలో ఇటలీకి చెందిన 'మిల్లే మిలియా' ఉదాహరణ ప్రత్యేకంగా గమనించదగినది. బ్రెషా నుంచి రోముకు వెళ్లి తిరిగి బ్రెషా చేరే సుమారు వెయ్యి మైళ్ల ఈ రేసు 1927 నుంచి సాధారణ రహదారుల మీదనే జరిగింది. 1957 మే 12న గ్విడిజ్జోలో గ్రామం దగ్గర ఆల్ఫోన్సో దె పోర్తాగో నడుపుతున్న ఫెరారీ అదుపు తప్పింది. అతడు, అతని సహచరుడు ఎడ్మండ్ నెల్సన్, తొమ్మిదిమంది ప్రేక్షకులు మరణించారు. ఆ ప్రేక్షకులలో ఐదుగురు పిల్లలు. అలాంటి వేగపు రేసుకు అదే చివరి ఏడు. 1977లో జ్ఞాపకార్థం జరిగి, 1982 నుంచి మళ్లీ కొనసాగుతున్న మిల్లే మిలియాలో వేగానికి పోటీ లేదు. నిర్ణీత దూరాన్ని నిర్ణీత సమయానికి చేరే కచ్చితత్వానికే బహుమతి. పాత రేసు ఎందుకు ఆగిపోయిందన్న జ్ఞాపకం కొత్త ఉత్సవ నియమంలోనే నిక్షిప్తమై ఉంది. గుడ్‌వుడ్ వేరే దారి ఎంచుకుంది. అక్కడ పాత కార్లు నిజంగానే పోటీపడతాయి. ఈ తేడాకు మూలం ఆ ట్రాక్ పుట్టుకలో, మూసివేతలో వెతకాలి.

4. వైమానిక స్థావరం నుంచి రేసు ట్రాక్ వరకు

యుద్ధానికి ముందు బ్రిటన్‌లో కార్ల రేసులకు కేంద్రం 1907లో ప్రారంభమైన బ్రూక్‌లాండ్స్. 1939లో అక్కడ రేసులు ఆగాయి. యుద్ధకాలంలో ఆ ప్రాంగణం విమానాల తయారీకి పరిమితమై, తిరిగి రేసులకు పనికిరాకుండా పోయింది. మరోవైపు యుద్ధం కోసం దేశమంతటా నిర్మించిన వైమానిక స్థావరాలు ఖాళీ అయ్యాయి. రన్‌వేల చుట్టూ విమానాలు కదలడానికి వేసిన తారు రోడ్లు రేసులకు తగినవిగా కనిపించాయి. 1948 అక్టోబరులో గ్రాండ్ ప్రీ నిర్వహించిన సిల్వర్‌స్టోన్ అలాంటి స్థావరమే. మద్రాసుకు ఉత్తరాన ఉన్న షోళవరం వైమానిక స్థలం కూడా యుద్ధానంతరం ఇదే విధంగా దక్షిణ భారత రేసులకు వేదిక అయింది.

గుడ్‌వుడ్ ట్రాక్ పూర్వరూపం వెస్ట్‌హాంప్నెట్ స్థావరం. రిచ్‌మండ్ డ్యూకు కుటుంబ ఎస్టేటు భూమిలో, టాంగ్‌మియర్ స్థావరానికి అనుబంధంగా ఏర్పడి, 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో పాలుపంచుకుంది. రెండు కాళ్లూ కోల్పోయిన తర్వాత కూడా యుద్ధవిమానం నడిపిన డగ్లస్ బాడర్ 1941 ఆగస్టు 9న తన చివరి పోరాటానికి ఇక్కడినుంచే బయలుదేరి శత్రువులకు చిక్కాడు. 2001లో ఇక్కడ అతని విగ్రహాన్ని నెలకొల్పారు.

ఎస్టేటు యజమాని తొమ్మిదవ డ్యూక్ ఫ్రెడరిక్ గోర్డన్ లెనాక్స్ స్వయంగా రేసు డ్రైవరు. ఫ్రెడ్డీ మార్చ్ అనే పేరుతో ప్రసిద్ధుడు. 1930లో బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల రేసును ఎస్.సి.హెచ్. డేవిస్‌తో కలిసి ఒక చిన్న ఆస్టిన్ సెవెన్ కారులో గెలిచాడు. మరుసటి ఏడు అక్కడే 'డబుల్ ట్వెల్వ్' రేసును ఎం.జి. కారులో గెలిచాడు. వెస్ట్‌హాంప్నెట్‌లో పనిచేసిన ఆస్ట్రేలియా పైలట్ టోనీ గేజ్, స్థావరం చుట్టూ ఉన్న రోడ్డు మీద కార్ల రేసులు పెట్టవచ్చని ఆయనకు సూచించాడు. 1948 సెప్టెంబరు 18న డ్యూక్ కొత్త బ్రిస్టల్ 400 కారులో దాదాపు 2.4 మైళ్ల ఆ ట్రాక్‌ను చుట్టి ప్రారంభించాడు. ముందు రోజే 19 ఏళ్లు నిండిన స్టిర్లింగ్ మాస్ ఆనాటి 500 సీసీ రేసును గెలిచాడు.

ఈ ప్రారంభం జరిగినది కొరత కాలంలో. బ్రిటన్‌లో బట్టల రేషను 1949 మార్చి వరకు, పెట్రోలు రేషను 1950 మే వరకు, ఆహార రేషను 1954 జులై వరకు కొనసాగాయి. నేటి ఉత్సవంలో కనిపించే నిండైన వేషధారణ వెనుక ఉన్న 1948లో కొత్త కోటుకు కూపన్లు కావాలి, కారు కదలాలంటే రేషను కార్డు కావాలి. యుద్ధం వదిలిన స్థలాన్ని, యుద్ధం నేర్పిన యంత్రవిద్యను, యుద్ధం నుంచి బయటపడిన యువకుల సాహసాన్ని కలిపి చేసిన తొలి ప్రయోగాలలో ఒకటిగా ఆ రేసులను చూడాలి.

5. 1966: ముగింపు కాదు, నిర్ణయం

తర్వాతి పదిహేడేళ్లలో గుడ్‌వుడ్ ప్రధాన ట్రాక్‌గా ఎదిగింది. 1952, 1953, 1955లలో తొమ్మిది గంటల రేసులు జరిగాయి. 1958 నుంచి 1964 వరకు ఆర్.ఎ.సి. టూరిస్ట్ ట్రోఫీకి ఇదే వేదిక. 1959లో ఈ ట్రోఫీ రేసులో, పెట్రోలు నింపే సమయంలో ఆస్టన్ మార్టిన్ స్థానం మంటల్లో చిక్కుకున్నా, ఆ సంస్థ గెలిచి ప్రపంచ స్పోర్ట్స్ కార్ల చాంపియన్‌షిప్‌ను సాధించింది.

అదే కాలంలో వేగం పెరిగింది, రక్షణ పెరగలేదు. 1962 ఏప్రిల్ 23న, ఈస్టర్ సోమవారం నాడు, ఇక్కడి సెయింట్ మేరీస్ మలుపు దగ్గర మాస్ నడుపుతున్న లోటస్ కారు మట్టిగట్టును ఢీకొంది. అతడు దాదాపు నెలరోజులు స్పృహలో లేడు. శరీరంలో ఎడమవైపు చాలా నెలలు చచ్చుబడింది. ఈ ట్రాక్ మీద తన తొలి విజయాలలో ఒకటి పొందినవాని అగ్రశ్రేణి వృత్తి జీవితం ఇక్కడే ముగిసింది. 1965లో జిమ్ క్లార్క్, జాకీ స్టూవర్ట్ ఇద్దరూ ట్రాక్‌ను 1 నిమిషం 20.4 సెకన్లలో చుట్టారు. అంటే గంటకు సగటున 107 మైళ్లకు పైగా వేగం. విమానాలు నిదానంగా కదలడానికి వేసిన రోడ్డు మీద సాధించిన వేగమిది.

కొత్త కార్ల వేగాన్ని తగ్గించాలంటే ట్రాక్‌లో మరిన్ని అడ్డు మలుపులు చేర్చాలి. డ్యూక్ అందుకు ఇష్టపడలేదు. 1966 జులైలో రేసులను నిలిపివేశాడు. ఆ తర్వాత ట్రాక్ పరీక్షా పరుగులకు ఉపయోగపడింది. ఆ పరుగులలోనే 1970 జూన్ 2న న్యూజీలాండ్‌కు చెందిన డ్రైవరు, కార్ల నిర్మాత బ్రూస్ మెక్‌లారెన్ తన సంస్థ కొత్త కారును నడుపుతూ ఇక్కడ మరణించాడు.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. రివైవల్ ఉత్సవం తన కాలాన్ని '1948–1966' అని నిర్వచించుకుంటుంది. మొదటి సంవత్సరం ఒక ఆరంభాన్ని సూచిస్తుంది. రెండవది మాత్రం ట్రాక్‌ను మార్చడమా, మూయడమా అన్న ప్రశ్నకు యజమాని ఇచ్చిన జవాబు. మూయడం వల్ల ట్రాక్ మారకుండా మిగిలింది. మారకుండా మిగిలింది కాబట్టే 1998లో దాన్ని పునరుద్ధరించడం సాధ్యమైంది. ప్రమాదాన్ని తప్పించుకోవడానికి తీసుకున్న నిర్ణయమే, ముప్పై రెండేళ్ల తర్వాత, ప్రమాదం నిండిన కాలపు సౌందర్యాన్ని భద్రపరిచిన కారణమైంది. సంవత్సరాల అంకెలు మాత్రమే మిగిలి, వాటి వెనుక కారణం జారిపోయినప్పుడు 'నిర్ణయం' కాస్తా 'యుగాంతం'గా రూపుమారుతుంది.

6. 1998: పునరుద్ధరణ నియమాలు

ఫ్రెడ్డీ మార్చ్ మనుమడు చార్లెస్ గోర్డన్ లెనాక్స్ 1993లో ఎస్టేటు భవనం ముందున్న రోడ్డు మీద 'ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్' ప్రారంభించాడు. 1998 సెప్టెంబరు 18న ట్రాక్‌ను తిరిగి తెరుస్తూ, తాత నడిపిన విధంగానే బ్రిస్టల్ 400 కారులో దాన్ని చుట్టాడు. 1949–1966 మధ్య ఇక్కడ 71 సార్లు జరిగిన సభ్యుల రేసు సమావేశాలను 2014లో పునరుద్ధరించినప్పుడు, దానికి 72వ సమావేశమని పేరు పెట్టారు. మధ్యనున్న దాదాపు అర్ధశతాబ్ది విరామాన్ని ఆ వరుససంఖ్య చెరిపివేసింది. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ 1983లో సంపాదకత్వం వహించిన గ్రంథం 'సంప్రదాయ కల్పన' గురించి చెప్పిన సూత్రానికి ఇది సరిపోతుంది. అవిచ్ఛిన్నతను చాటే చిన్న గుర్తులే కొత్త ఆచారానికి ప్రాచీనతను సమకూరుస్తాయి.

రివైవల్ నియమాలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది, ట్రాక్ 1966 నాటి రూపంలోనే ఉండాలి. రెండవది, పోటీపడే కార్లు ఆ కాలపు రకాలకు చెందాలి. ప్రేక్షకులను కూడా ఆనాటి దుస్తుల్లో రమ్మని ప్రోత్సహిస్తారు. మూడవది, ఉత్సవ దినాల్లో ట్రాక్ చుట్టుకొలత లోపలికి ఆధునిక వాహనాలు రాకూడదు. ఈ మూడవ నియమానికి మినహాయింపు అగ్నిమాపక, ప్రాణరక్షణ వాహనాలు. డ్రైవర్ల శిరస్త్రాణాలు, నిప్పు అంటని దుస్తులు కూడా పైకి పాతవిగా కనిపించినా నేటి భద్రతా ప్రమాణాలకు లోబడవలసినవే.

ఈ మినహాయింపు చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఉత్సవ స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఇదే కీలకం. గతంలో ఏది తిరిగి రావాలో, ఏది రాకూడదో నిర్వాహకులకు స్పష్టంగా తెలుసు. ఆనాటి శబ్దం, వాసన, రంగు కావాలి. ఆనాటి మరణాల సంఖ్య వద్దు. ఇది మెచ్చుకోదగిన వివేకమే. అయితే గతం నుంచి ఎంపిక జరుగుతున్నదని, 'యథాతథం' అనే మాట పరిమితార్థంలోనే చెల్లుతుందని ఈ వివేకమే సాక్ష్యమిస్తున్నది. 2024 రివైవల్‌లో రేసులన్నిటినీ పర్యావరణానికి తక్కువ హాని చేసే ఇంధనంతో నడపడం ఇదే క్రమంలో మరో అడుగు.

7. అసలుతనం: న్యాయస్థానం చెప్పిన మాట

పాత రేసు కారు విషయంలో 'అసలుది' అంటే ఏమిటి? రేసు కారు జీవితమంతా విడిభాగాల మార్పిడే. ఇంజన్ పోతుంది, చాసిస్ వంగుతుంది, పైకప్పు రూపం మారుతుంది. ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టుకు చేరింది. 1929, 1930లలో లె మాన్ రేసును గెలిచిన 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ కారును ఒక సంస్థ కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకుంది. తరువాత, ఈ కారు అసలుది కాదంటూ వెనక్కి తగ్గింది. విక్రేత దావా వేశాడు. జస్టిస్ ఆటన్ తీర్పు విక్రేత పక్షాన వచ్చింది. 1929లో లె మాన్‌లో నిలిచిన భాగాలు కారులో చాలావరకు లేకపోయినా, ఆనాటి నుంచి నేటివరకు తెగని ఉనికి దీనికి ఉందని, ఆ పేరుకు హక్కున్న మరో కారు లేదని న్యాయమూర్తి భావించాడు. అసలుతనాన్ని లోహంలో కాక నిరంతర చరిత్రలో గుర్తించిన తీర్పు ఇది.

ఆ నిరంతర చరిత్రలో ఒక మరణం ఉంది. 1932లో బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల రేసులో ఈ కారు ట్రాక్ గట్టు దాటి పడిపోగా, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. కారును మరో రూపంలో పునర్నిర్మించారు. కారు చరిత్ర కొనసాగింది, డ్రైవరు చరిత్ర అక్కడ ఆగింది. భాగాలు మార్చుకుంటూ బతికే శక్తి యంత్రానికి ఉండడం వల్ల, యంత్రాల ద్వారా చెప్పే చరిత్రలో నష్టాలన్నీ పూడ్చదగినవిగా కనిపించే ప్రమాదం ఉంది.

నిరంతర చరిత్రకు మార్కెట్టులో విలువ ఉంది. ఫాంజియో 1954లో నడిపి గెలిచిన మెర్సిడెస్ డబ్ల్యు196 కారు 2013లో గుడ్‌వుడ్‌లోనే జరిగిన వేలంలో సుమారు 1.96 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది. 1962లో గుడ్‌వుడ్‌లో టూరిస్ట్ ట్రోఫీని గెలిచిన రకానికి చెందిన ఒక ఫెరారీ 250 జి.టి.ఓ. 2018లో అమెరికాలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. ఇలాంటి ధరల మధ్య ఉత్సవంలో పాల్గొనడం కూడా కారు చరిత్రకు మరో పుట చేరుస్తుంది. స్మృతి ఇక్కడ మూలధనంగా పనిచేస్తున్నది.

8. పిల్లల కారు వెనుక గని కార్మికులు

రివైవల్‌లో ప్రేక్షకులను ఎక్కువగా ఆకట్టుకునే అంశాలలో 'సెట్రింగ్టన్ కప్' ఒకటి. 2012లో మొదలైన ఈ పోటీలో తెల్లని దుస్తులు ధరించిన చిన్నపిల్లలు పరుగున వచ్చి, ఆస్టిన్ జె40 అనే తొక్కుడు కార్లెక్కి ట్రాక్ మీద పోటీపడతారు. రివైవల్‌లో నిష్కల్మషంగా కనిపించే దృశ్యం ఇదే.

ఈ బొమ్మ కారు పుట్టుక దక్షిణ వేల్స్‌లోని బార్గోడ్. అక్కడ 1949లో ఆస్టిన్ సంస్థ ప్రభుత్వ సహాయంతో ఒక కర్మాగారాన్ని నెలకొల్పింది. పనివారు బొగ్గుగనుల దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిని, గని పనికి పనికిరాకుండా పోయినవారు. లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో అసలు కార్లకు రేకు కత్తిరించగా మిగిలిన ముక్కలతో ఈ బొమ్మ కార్లు తయారయ్యేవి. 1971 వరకు సుమారు 32,000 కార్లు వారి చేతుల మీదుగా వెలువడ్డాయి. ఒక పరిశ్రమకు మిగిలిపోయిన రేకును, మరో పరిశ్రమ మిగిల్చిన మనుషులను ఒకచోట చేర్చిన ప్రయత్నం అది. దానిలో సంక్షేమ దృష్టి ఉంది, గౌరవంగా బతికే అవకాశం ఉంది. దాని వెనుక బొగ్గు మీద నిలిచిన ఒక దేశం తన కార్మికుల ఊపిరితో చెల్లించిన ధర కూడా ఉంది.

1948–66 కాలాన్ని గురించిన గాఢమైన పత్రం ఈ బొమ్మ కారులోనే ఉంది. శామ్యూల్ చెప్పినట్లు వస్తువులను ప్రేమించేవారి జ్ఞానాన్ని గౌరవించాలి. జె40ను పునరుద్ధరించే అభిమానులలో బార్గోడ్ చరిత్ర తెలిసినవారు ఎందరో ఉన్నారు. హ్యూయిసన్ భయపడినట్లు, ఆ చరిత్ర లేకుండా కూడా దృశ్యం సంపూర్ణంగా ఆనందాన్నిస్తుంది. రెండు వాదాలూ ఒకే వస్తువు దగ్గర నిజమవుతున్నాయి.

9. కాలానికి హద్దులు: ఎవరి 1948?

1948 జూన్‌లో 'ఎంపైర్ విండ్‌రష్' నౌక కరీబియన్ ప్రాంతపు వలసదారులతో ఇంగ్లండు చేరింది. జులైలో జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైంది. సెప్టెంబరులో గుడ్‌వుడ్ రేసులు మొదలయ్యాయి. మాస్ ప్రమాదానికి గురైన 1962లోనే కామన్‌వెల్త్ దేశాల వలసలను పరిమితం చేసిన చట్టం వచ్చింది. రివైవల్ వేషధారణలో ప్రధానంగా కనిపించే వైమానిక దళపు యూనిఫారాలు, ఉన్ని కోట్లు, మెకానిక్ అంగీలు చిత్రించే బ్రిటన్‌లో ఈ రెండవ కథకు దక్కిన చోటు తక్కువ. సాంస్కృతిక చింతకుడు స్టూవర్ట్ హాల్ 1999లో 'ఎవరి వారసత్వం?' అని ప్రశ్నించాడు. తనను తాను చూసుకోలేని అద్దంలో ఎవరూ తమ వారసత్వాన్ని గుర్తించలేరన్నది ఆయన వాదసారం.

ఇదే తేదీ తెలుగు పాఠకులకు మరోలా పరిచితం. హైదరాబాదు సంస్థానంపై 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటనతో ముగిసింది. 18న సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లాంఛనంగా లొంగిపోయాడు. గుడ్‌వుడ్‌లో మొదటి రేసు జరిగింది ఆ రోజే. ఈ రెండు ఘటనలకూ సంబంధం లేదు. తేదీ కలవడం కేవలం యాదృచ్ఛికం. అయితే పద్ధతి రీత్యా ఈ పోలిక ఉపయోగపడుతుంది. తెలంగాణలో సెప్టెంబరు 17ను విమోచనమని, విలీనమని, సమైక్యతా దినమని, విద్రోహమని వేర్వేరు వర్గాలు పిలుస్తున్నాయి. ఆ వివాదం వల్ల స్మృతి ఎంపికతో కూడినదన్న సత్యం అక్కడ ఎవరికీ మరుపుకు రాదు. గుడ్‌వుడ్‌లో అలాంటి వివాదం లేదు. అందువల్ల ఎంపిక కంటికి కనిపించదు. వివాదం లేని స్మృతిని వివాదం ఉన్నదానికంటే ఎక్కువ శ్రద్ధతో పరిశీలించవలసి ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది.

10. ముగింపు

పై పరిశీలనల ఆధారంగా ఈ నిర్ధారణలు చేయవచ్చు.

• గుడ్‌వుడ్ రివైవల్ కాలపరిధికి చివరి హద్దయిన 1966, వేగం వల్ల వచ్చే ప్రాణాపాయం గురించి తీసుకున్న నిర్ణయ ఫలితం. ఉత్సవం ఆ సంవత్సరాన్ని నిలుపుకొంది గాని దాని కారణాన్ని దృశ్యంలో చూపలేదు.

• మిల్లే మిలియా పాత రేసు విషాదాన్ని కొత్త నియమంగా మార్చుకుంది. గుడ్‌వుడ్ ఆ బాధ్యతను అగ్నిమాపక వాహనాల మినహాయింపులో, భద్రతా దుస్తులలో పెట్టుకుంది. రెండు ఉత్సవాలలోనూ పునరుద్ధరణ అంటే ఎంపికే.

• అసలుతనాన్ని నిరంతర చరిత్రలో చూసిన 1990 నాటి తీర్పును అంగీకరిస్తే, ఆ చరిత్రలో విజయాలతోపాటు మరణాలను, యజమానులతోపాటు తయారీదారులను లెక్కించక తప్పదు.

• ఆస్టిన్ జె40 వంటి వస్తువులు ఉత్సవం తప్పించిన శ్రమ చరిత్రను తమలోనే దాచుకొని ఉన్నాయి. ఆ చరిత్రను చదవడానికి ఉత్సవాన్ని తిరస్కరించనవసరం లేదు. వస్తువు పక్కన దాని తయారీ కథను నిలిపితే చాలు.

గతకాలపు బెంగ తప్పు కాదు. ఇంటి మీద బెంగపడిన వ్యక్తి ఇంట్లో గడిపిన కష్టదినాలను మరచి, వంటింటి వాసనను మాత్రమే తలచుకుంటాడు. ఆ వాసన అబద్ధం కాదు, ఇల్లు మాత్రం అంతకంటే పెద్దది. గుడ్‌వుడ్ ట్రాక్ మీద ఇంజను శబ్దం వినిపించే ప్రతి ఏడాదీ, సెయింట్ మేరీస్ మలుపు దగ్గరి గట్టును, బార్గోడ్ కర్మాగారంలో దగ్గుతూ రేకు వంచిన చేతులను కూడా ఆ కాలపు వారసత్వంగా గుర్తించగలిగినప్పుడే, బోయిమ్ చెప్పిన రెండవ రకం బెంగకు, అంటే ఆలోచించే స్మృతికి, ఆ ఉత్సవంలో చోటు దొరుకుతుంది.